పొగ పద్దు

మా ఇంట్లో బీరువా పైఅరలో ఒక అట్టపెట్టె ఉంది. ఇంటిపన్ను రసీదుల కింద, దాదాపు నలభై ఏళ్ళ కరెంటు కార్డులు అందులో దొంతరగా ఉంటాయి. చెన్నైలో కాపురమున్న వారికి వీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెండు నెలలకొకసారి ఈ.బీ. మనిషి వచ్చి, మీటరు చూసి, కార్డు మీద అంకె వేసి వెళ్ళేవాడు. ఇప్పుడు లెక్క ఫోనుకే వస్తోంది. అయినా కార్డు మీద రాసుకోవడం నేను మానలేదు. "మీ తాతయ్యకు అదో వ్రతం" అని మా ఆవిడ మనవరాలితో అంటూ ఉంటుంది.

క్రిందటి ఏడాది ఆషాఢంలో ఆ పెట్టెకు యోగం పట్టింది. మా అమ్మాయి కూతురు ఇక్కడే దక్షిణ శివార్లలో ఒక ఇంజనీరింగు కాలేజీలో మూడో సంవత్సరం చదువుతోంది. తనకూ మరి నలుగురికీ కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారట. ఏడాది కాలంలో ఆ ప్రాంగణం మొత్తం ఎంత శక్తి వాడింది, అందులో బొగ్గూ డీజిలూ ఎంత, ఎండా గాలీ ఎంత, అంతా కలిపి ఎంత బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదిలింది, ఈ లెక్క తేల్చాలి.

"తాతయ్యా, మా వాళ్ళందరికీ కంప్యూటరు వచ్చు. పద్దు రాయడమే ఎవరికీ రాదు" అంది.

ముప్పై నాలుగేళ్ళు అకౌంట్సు సెక్షనులో కూర్చున్నవాడికి ఇంతకంటే పొగడ్త ఏముంటుంది? కళ్ళజోడు తుడుచుకుని సిద్ధమయ్యాను.

మూడు చిట్టాలు

పొగకు కూడా పద్దు రాసే పద్ధతి ఉందని నాకు అప్పుడే తెలిసింది. 2001లో అంతర్జాతీయంగా ఒక విధానం వెలువడింది. ప్రపంచమంతటా కంపెనీలూ, విశ్వవిద్యాలయాలూ ఇప్పుడు ఎక్కువగా దాన్నే అనుసరిస్తున్నాయి. దాని ప్రకారం మూడు చిట్టాలు వేయాలి. మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. నేను ఇలా అర్థం చేసుకున్నాను.

మన పొయ్యి మీద మనం వండుకున్నది మొదటి చిట్టా. కాలేజీ కంచె లోపల కాలిన డీజిలు, మెస్సులో మండిన గ్యాసు, కాలేజీ బస్సుల ఇంధనం, ఏసీల నుంచి కారిపోయిన వాయువు ఇందులోకి వస్తాయి. హోటలు నుంచి క్యారియరు తెప్పించుకుంటే పొయ్యి వాళ్ళదే గానీ ఆకలి మనది కదా, అది రెండో చిట్టా. కొనుక్కున్న కరెంటు అంతా ఇక్కడ రాయాలి. ఇక మన ఇంటి పెళ్ళికి చుట్టాలు బస్సెక్కి వస్తే ఆ పొగ మూడో చిట్టా. పిల్లల రాకపోకలూ, మెస్సుకు వచ్చే బియ్యం కూరగాయలూ, కాగితాలూ, చెత్తా అందులో చేరతాయి.

మొదటి రెండూ రాయడం సులువు, బిల్లులుంటాయి. మూడోదానికి అడిగి తెలుసుకోవాలి. పిల్లలు గేటు దగ్గర నిలబడి ఎవరు దేంట్లో వస్తున్నారో వారం రోజులు రాసుకున్నారు. తాంబరం వైపు నుంచి లోకల్ రైల్లో వచ్చేవారు చాలామంది తేలారు. మన బీచ్ తాంబరం లైను 1931లోనే విద్యుద్దీకరణ జరిగిందని నేను చెబితే పిల్లలు నమ్మలేదు! ఒక్కొక్కరూ ఒక మోటారు సైకిలు మీద రావడానికీ, వేయి మందీ ఒక రైల్లో రావడానికీ పద్దులో తేడా కొట్టవచ్చినట్టు కనబడింది.

స్విచ్చి వెనుక బొగ్గు

కాలేజీ పొగలో పెద్ద భాగం కరెంటుదే. కానీ కరెంటు తీగలో పొగ కనబడదు. అది వేరేచోట, ఎన్నూరు దగ్గరో మరో చోటో చిమ్నీ నుంచి పోతుంది. మరి మన వాటా ఎంత?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా దీనికి ఒక అంకె ప్రకటిస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ అంకె యూనిట్టుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు. అంటే నూరు యూనిట్లకు డెబ్భై కిలోలు, ఒక పెద్దమనిషి బరువు.

"మన తమిళనాడుకు వేరే అంకె ఎందుకు లేదు?" అని నేను అడిగాను. ఇక్కడ గాలిమరలు ఎన్నో, కల్పాక్కంలో అణు విద్యుత్తు కూడా ఉంది. ఆ రెంటికీ పొగ దాదాపు ఉండదు. మనవరాలు చెప్పిన జవాబు నాకు నచ్చింది. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూరు మధ్య పెద్ద లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశపు గ్రిడ్డుతో కలిసిపోయింది. ఆనాటి నుంచి దేశమంతా ఒకే చెరువు. సింగరేణి బొగ్గు కరెంటూ, శ్రీశైలం నీటి కరెంటూ, 2017లో నిలిచిన 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు కరెంటూ అన్నీ ఆ చెరువులోకే చేరతాయి. మన చెంబులోకి వచ్చింది ఏ వాగు నీరో ఎవరు చెప్పగలరు? అందుకే సగటు.

కానీ వేళను బట్టి తేడా ఉంటుంది. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని ఇక్కడి తమిళులు సామెత చెబుతారు. మే నుంచి సెప్టెంబరు దాకా ముప్పందల్ వైపు గాలిమరలు జోరుగా తిరుగుతాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలం. రాత్రి ఏడు దాటి అందరూ ఏసీలు వేసేసరికి ఎండ పోతుంది, బొగ్గు మీదే భారం పడుతుంది. అందువల్ల కాలేజీలో నీళ్ళ మోటార్లను రాత్రి బదులు మధ్యాహ్నం నడపమని పిల్లలు సలహా రాశారు. దానికి పైసా ఖర్చు లేదు.

ఒకచోట మాత్రం నేను పెన్ను పెట్టి కొట్టేశాను. కాలేజీ మేడమీద సోలార్ పలకలున్నాయి. చెన్నై ఎండలో ఒక కిలోవాటు పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. పిల్లలు ఆ యూనిట్లను మొత్తం వాడకంలోంచి తీసేశారు. అయితే ఈ.బీ. బిల్లు అప్పటికే సోలార్ పోగా మిగిలినదానికే వచ్చింది! అంటే ఒకే సొమ్మును రెండుసార్లు జమ కట్టినట్టు. "అమ్మడూ, ఇలాంటి పని చేసిన గుమాస్తాలను నేను చాలామందిని చూశాను. కొందరు పొరపాటున చేశారు, కొందరు కావాలని" అన్నాను. దిద్దుకున్నారు. అంకె పెరిగింది.

నదులు నిలిచే చోట

ఇతరులు ఏం చేస్తున్నారో చూద్దామని ఒక ఆదివారం మనవరాలు నన్ను ఐఐటీకి తీసుకువెళ్ళింది. తన స్నేహితురాలు అక్కడ చదువుతోంది. 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో వెలసిన ఈ సంస్థ గిండీ అడవిని ఆనుకుని 600 ఎకరాలకు పైగా ఉంటుంది. లోపలికి అడుగుపెడితే జింకలు, కృష్ణజింకలు, ఊడలు దిగిన మర్రిచెట్లు. అక్కడి హాస్టళ్ళకు నదుల పేర్లు: గోదావరి, కృష్ణ, కావేరి, నర్మద. బస్సులకేమో కొండల పేర్లు. అందుకే "ఇక్కడ నదులు నిలబడి ఉంటాయి, కొండలు తిరుగుతుంటాయి" అని పిల్లలు నవ్వుకుంటారట. ఆ ఎకరాల్లో విద్యార్థుల వాహనం సైకిలే. మూడో చిట్టాలో ఎంత మిగులో ఆలోచించండి.

అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న సంగతి. ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి బృందం సోలార్ కరెంటును 48 వోల్టుల డీసీగానే ఇంట్లోకి ఇచ్చే ఏర్పాటు రూపొందించింది. సోలార్ పలక ఇచ్చేది డీసీ. ఎల్.ఈ.డీ. దీపం, సెల్‌ఫోను, కొత్తరకం ఫ్యాను కోరుకునేదీ డీసీయే. మధ్యలో దాన్ని ఏసీగా మార్చి, మళ్ళీ డీసీగా మార్చడంలో కొంత కరెంటు వృథా అవుతోంది. ధాన్యాన్ని ఊరికే ఈ గాదె నుంచి ఆ గాదెకు మోసి, దారిలో ఒలకబోసుకున్నట్టన్నమాట. ఆ ఒలకబోత తప్పించారు.

కొత్తరకం ఫ్యాను సంగతి మన ఇళ్ళకూ పనికొస్తుంది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగితే, ఇది 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. హాస్టలు గదిలో రోజుకు 16 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగిందనుకుంటే పాతది 360 యూనిట్లు, కొత్తది 144. మిగిలేది 216 యూనిట్లు, అంటే సుమారు 150 కిలోల పొగ. వెయ్యి గదుల హాస్టలుకు 150 టన్నులు!

"మరి ఇన్ని చెట్లున్నాయిగా, వాటిని జమ కట్టరా?" అన్నాను. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు ఆ ప్రాంగణంలో వందల చెట్లు కూలాయి. చెట్టు కూలితే అది దాచిన బొగ్గు కూడా మెల్లగా గాలిలో కలుస్తుంది. పైగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది సుమారు ఇరవై కిలోలని సాధారణంగా చెప్పే లెక్క. గదిలో ఏసీ రాత్రంతా వేస్తే ఏడెనిమిది కిలోలు. చెట్టు ఏడాది కష్టం మన మూడు రాత్రుల నిద్రకు సరి. చెట్లను ప్రేమిద్దాం గానీ వాటి తలమీద మన అప్పు రాయవద్దు అని తేల్చుకున్నాం.

సికింద్రాబాదు పాఠం

ఏసీ మాట వచ్చింది గనుక మరొకటి చెప్పాలి. 1960లలో అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన వీరభద్రన్ రామనాథన్ అనే యువకుడు మన సికింద్రాబాదులో రిఫ్రిజిరేటర్ల పరిశ్రమలో పనిచేశాడు. వాటిలోని చల్లబరిచే వాయువు ఎందుకు కారిపోతోందో చూడడం అతని పని. తర్వాత అమెరికా వెళ్ళి, 1975లో ఆ జాతి వాయువులే భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వేల రెట్లు బలమైనవని నిరూపించాడు. ప్రపంచ ప్రసిద్ధి పొందాడు.

ఆ పాఠం మన ఏసీలకూ వర్తిస్తుంది. పాత ఏసీల్లోని ఆర్-22 వాయువు ఒక కిలో కారిపోతే సుమారు 1800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. అంటే దాదాపు 2500 యూనిట్ల కరెంటు కాల్చినట్టు. కాలేజీలో ఏసీ మెకానిక్కు ఏటా ఎన్ని కిలోల గ్యాసు నింపాడో బిల్లులు వెతికితే, ఎవరూ ఊహించని ఒక పెద్ద పద్దు బయటపడింది.

డీజిలు రిజిస్టరు

ఇంతవరకూ సరదాగా సాగింది. డీజిలు దగ్గరకు వచ్చేసరికి గొంతులో ముల్లు పడింది.

కరెంటు పోయినప్పుడు నడిచే పెద్ద జనరేటరు ఒకటి ఉంది. అది ఎన్ని గంటలు నడిచిందో రిజిస్టరులో ఉంటుంది. గంటకు ఇన్ని లీటర్లని ఒక అంకె వేసి డీజిలు ఖర్చు రాస్తారు. పిల్లలు బంకు బిల్లులు కూడా తెచ్చి పక్కన పెట్టారు. కొన్న డీజిలు ఎక్కువ, కాలినట్టు రాసినది తక్కువ. తేడా చిన్నది కాదు.

ఆ సంగతి ఆఫీసుదాకా పోయింది. లెక్క తేలకపోతే మొదటి అనుమానం ఎప్పుడూ కిందివాడి మీదే. జనరేటరు చూసుకునే ఆయన పదిహేనేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. "మీ రిపోర్టు రానీ, ఆ మనిషి సంగతి చూద్దాం" అన్నారట. మరో పెద్దమనిషి ఇంకో ఉపాయం చెప్పాడట: "బిల్లుల గొడవ ఎందుకు? రిజిస్టరులోని గంటల లెక్కే వేయండి. పొగా తక్కువ కనబడుతుంది, కాలేజీకి మంచి పేరు, మీకు మంచి మార్కులు."

ఆ రాత్రి మనవరాలు సరిగ్గా అన్నం తినలేదు. "బిల్లుల లెక్క వేస్తే ఆయన ఉద్యోగం పోతుంది. రిజిస్టరు లెక్క వేస్తే అబద్ధం. ఏం చేయను తాతయ్యా?" అంది.

"ఆ మనిషిని అడిగారా?" అన్నాను. ఎవరూ అడగలేదు.

మర్నాడు నేనూ వెళ్ళాను. యాభై దాటిన మనిషి. తిరుత్తణి దగ్గరి పల్లె, ఇంట్లో తెలుగే. నేను తెలుగులో పలకరించేసరికి ముఖం విప్పారింది.

"నేను ఒక చుక్క తీసుంటే ఆ సామి నన్ను చూసుకుంటాడు సార్. యంత్రమే తాగతా ఉండాది. ఎవురికి చెప్పేది? అడిగినోళ్ళు ఎవురు?" అన్నాడు. చొక్కా జేబులోంచి నూనె మరకల చిన్న డైరీ తీశాడు. రోజూ ఎన్ని లీటర్లు పోసింది, ఎంతసేపు నడిచింది, అప్పుడు ఏ భవనాలకు కరెంటు వెళ్ళింది, అంతా తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. చిన్నప్పుడు ఊళ్ళో తెలుగు బడిలో చదువుకున్నాడట.

మనవరాలి జట్టులో ఆ డైరీ ఎవరికీ చదవ రాదు. మా మనవరాలికీ అంతంతే. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ బడిలో తమిళమూ ఇంగ్లీషూ మాత్రమే నేర్చుకుంది. ఇద్దరం జనరేటరు గది బయట బల్ల మీద కూర్చున్నాం. నేను చదువుతుంటే తను రాసుకుంది. రెండు పేజీలు దాటాక తనే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది. "తాతయ్యా, ఇది 'లీటర్లు' కదా?"

డైరీలో రెండు సంగతులు తేలాయి. ఒకటి: ప్రతి వారం యంత్రం సరిగా ఉందో లేదో చూడడానికి కాసేపు ఊరికే నడుపుతారు. అది రిజిస్టరులోకి ఎక్కలేదు. రెండోది అసలు విషయం. తరగతి గదులూ, ఏసీలూ అన్నీ నడిచే రోజును లెక్కలో పెట్టుకుని కొన్న జనరేటరు అది. సెలవు రోజుల్లోనూ, రాత్రుళ్ళూ కరెంటు పోతే, నాలుగు దీపాలకూ కంప్యూటరు గదికీ అంతే పెద్ద యంత్రం తిరగాలి. ఒక్క మనిషికి అన్నం వండడానికి పెళ్ళి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టు.

పిల్లలు పరీక్షించి చూశారు. ట్యాంకులో కొలపుల్ల పెట్టి, జనరేటరు మీటరు చూసి, సెలవు రోజు ఒకసారి, పని రోజు ఒకసారి కొలిచారు. నిండు భారం మీద లీటరుకు మూడు యూనిట్లకు పైగా వచ్చాయి. తేలిక భారం మీద రెండు కూడా రాలేదు. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల పొగ గనుక, సెలవు రోజు యూనిట్టు ఒక్కొక్కటీ గ్రిడ్డు కరెంటుకు దాదాపు రెట్టింపు పొగ వదులుతోందన్నమాట. రిజిస్టరులో మాత్రం గంట ఏదైనా ఒకటే అంకె వేస్తూ వచ్చారు. తప్పు మనిషిది కాదు, ఆ అంకెది.

కొత్త లెక్క వేస్తే తేడా చాలావరకు సర్దుకుంది. పూర్తిగా కాదు, కొద్దిగా మిగిలింది. "దీన్నెక్కడైనా కలిపేయనా?" అంది మనవరాలు. వద్దన్నాను. 'తేలని తేడా' అని విడిగా రాయించాను. అన్నీ పైసాతో సహా సరిపోయిన పద్దును చూస్తే నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా భయమే.

రిపోర్టు వెళ్ళింది. మొత్తం పొగ, మొదట అనుకున్నదాని కంటే ఎక్కువే తేలింది. కాలేజీ వార్షికోత్సవంలో కట్టాలనుకున్న 'పచ్చని ప్రాంగణం' బ్యానరు కట్టలేదని కొందరు పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. మార్కులు బాగానే వచ్చాయి. జనరేటరు గదిలో ఆయనే ఉన్నాడు. రిజిస్టరులో ఇప్పుడు గంటలతో పాటు లీటర్లూ, యూనిట్లూ రాసే గళ్ళు వచ్చాయి. రాత్రుళ్ళకు చిన్న జనరేటరు కొనే ఫైలు మాత్రం ఇంకా బల్లల మీద తిరుగుతోంది.

మన కార్డు, మన లెక్క

2070 నాటికి మన దేశం నికరంగా పొగ లేని స్థితికి చేరాలని 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రకటించింది. చెన్నై నగరం 2023లో తన ప్రణాళికలో 2050 అని గడువు పెట్టుకుంది. గడువులు పెద్దవాళ్ళు పెడతారు. అవి నెరవేరాయో లేదో చెప్పేది మాత్రం ఏ మూలనో ఎవరో నిజాయితీగా రాసిన చిన్న డైరీలే.

పాఠక మిత్రులు కూడా ఒకసారి ఇంటి బిల్లు తీసి చూడండి. యూనిట్లను 0.7తో గుణిస్తే కిలోల్లో మీ పొగ. రెండు నెలలకు 400 యూనిట్లయితే 280 కిలోలు. గ్యాసు బండ 14.2 కిలోలది ఒకటి అయిపోతే సుమారు 42 కిలోలు. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. బెంగుళూరులో, ముంబయిలో ఉన్నవారికీ ఇదే లెక్క. విదేశాల్లో ఉన్న మన పిల్లలు అక్కడి గ్రిడ్డు అంకె కనుక్కోవాలి. అణు విద్యుత్తు ఎక్కువగా ఉన్న ఫ్రాన్సులో అది మనదానిలో చాలా చిన్న వంతు. ఉగాది నుంచి ఉగాదికి ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. పిల్లల చేత రాయించండి, వీలైతే తెలుగులో రాయించండి.

మా ఇంట్లో కార్డుల పెట్టె ఇప్పుడు మనవరాలి బల్ల మీదికి చేరింది. క్రిందటి నెల మీటరు అంకె తనే వేసింది. పక్కన 'పొగ' అని ఒక కొత్త గడి గీసింది. 'గ' తలకట్టు కాస్త పక్కకు పోయింది. నేను దిద్దలేదు.